ఒక్క ఏడాది కాలేజీ

"మన కాలేజీ పోయినాడంట సార్" అన్నాడు హోటలాయన, టీ గ్లాసు నా ముందు పెడుతూ.

ఎవరని నేను అడగలేదు. మా ఊళ్లో కాలేజీ లేదు. ఉన్నది ఒక్క హైస్కూలు, అందులో నేను పద్దెనిమిదేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. కాలేజీ అన్న పేరుతో తిరిగిన మనిషి ఒక్కడే. ఆ పేరు పెట్టింది కూడా ఈ హోటల్లోనే. పెట్టిననాడు అందరితో పాటు నేనూ నవ్వాను, అది దాచుకోవడం ఎందుకు.

"ఎప్పుడు?"

"పదైదు దినాలాయనంట. బెంగుళూర్లోనే. జరమొచ్చిందంట. ఆస్పత్రికి పోదాం రా అంటే రేపు రేపు అనుకుంటా ఉండిపోయినాడంట."

టీ తాగబుద్ధి కాలేదు. లేచి ఇంటికి వచ్చేశాను. దారిలో ముందు గుర్తొచ్చింది అతని ముఖం కాదు, తెల్లచొక్కా. ఆ చొక్కా జేబులో నీలం పెన్ను, భుజానికి చుట్టుకున్న నైలాను దారం, దారం కొసన తలకిందులుగా వేలాడే చిన్న స్టీలు గ్లాసు. ఊరు విడిచి పోయే ముందు నాలుగు నెలలు అతను నాతో మాట్లాడలేదు. నేను ఎదురొస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. ఎందుకో నాకు తెలుసని అనుకుంటూ వచ్చాను. ఏమీ తెలియదని ఈ మధ్యే తెలిసింది. అందుకే రాస్తున్నాను.

అతని పని బోర్లలో మోటార్లు దించడం, పైకి లాగడం. మా వైపు ఆ పనికి తీరిక ఉండదు. ఎండలు ముదిరితే బోరులో నీళ్లు కిందికి పోతాయి, మోటారు నీళ్లు అందక కాలిపోతుంది. అప్పుడు అతన్ని పిలుస్తారు. మూడు కాళ్ల ఇనప స్టాండు బోరు మీద నిలబెట్టి, గొలుసు తగిలించి, పైపు తర్వాత పైపు పైకి లాగి, మోటారు బాగుచేయించి, మరో రెండు పైపులు కలిపి ఇంకా లోతుకు దించుతాడు. ఒక్కో పైపు ఇరవై అడుగులు. ఆ పనివాళ్లు అడుగులు, మీటర్లు అనరు. "పద్నాలుగు పైపుల్లో ఉండాయి నీళ్లు" అంటారు. బోరు మూతి దగ్గర మొదలుపెట్టి కిందికి లెక్క. వాళ్లకు సున్నా అంటే బోరు మూతి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది. మాష్టారి బుద్ధి, ముందే చెప్పి పెట్టడం.

ఇరవై ఏళ్లు అదే పని. గళ్ల లుంగీ, మోచేతుల దాకా గ్రీజు. పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఎన్ని పైపులు దించాలని అడిగితే వేళ్లు చూపించేవాడు.

నేను రిటైరైన రెండో ఏడు, ఉగాదికి ముందు ఎండలు మొదలవుతుండగా ఒక సాయంత్రం మా ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమంటే, బట్టలకు గ్రీజు ఉందని కూర్చోలేదు.

"సార్, నీళ్ల సంగతి ఏ క్లాసులో చెప్తారు?"

"ఏ నీళ్లు?"

"భూమి కింద నీళ్లు. బోర్ల నీళ్లు."

"నీకెందుకప్పా ఇప్పుడు?"

అతను చేతుల గ్రీజు లుంగీకి తుడుచుకున్నాడు. "పొద్దున ఒకాయప్ప బోరుకాడ ఇరవై రెండో పైపు దించితి సార్. ఇంగ ఎన్ని దించితే చాలప్పా అని అడిగినాడు. నాకాడ జవాబు లేదు. ఇరవై యేండ్లు నీళ్ల యెనకాల మోటారు దించుకుంటా పోతాండా. ఆ నీళ్లు యాడికి పోతాండాయని ఒక్క దినమన్నా అడగలే. సిగ్గయినాది."

ఇంట్లో పాత పదో తరగతి పుస్తకం ఉంటే తీసి నీళ్ల పాఠం చూపించాను. నాలుగు పేజీలు, ఒక రంగుల బొమ్మ. సముద్రం, దాని మీంచి ఆవిరి, మబ్బు, పచ్చని కొండ, కొండ మీంచి నది. వేలికి గ్రీజు ఉందని బొమ్మను తాకకుండా, వేలు గాల్లోనే తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"మన ఊరు ఇందులో లేదే సార్" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ముందు ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టమన్నాను. ఫీజు ఎక్కడ కట్టాలో, పరీక్ష ఎప్పుడో అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"పాసయితే నీళ్ల సంగతి తెలుస్తాదా సార్?"

"అదెట్లా తెలుస్తుంది?"

"మరి ఎందుకు సార్?"

ముప్పై మూడేళ్ల సర్వీసులో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే గుంజీలు తీయించి ఉండేవాణ్ణి.

"నేనే సదువుకుంటా" అన్నాడు అతను. "పని మానుకోని ఒక యేడు ఇదే సదువుకుంటా. లెక్కలు మాత్రం మీరు చూడండి సార్. నాకు కూడికలు వస్తాయి, భాగారాలు రావు."

మరునాడు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లకున్నది ఊరికి తూర్పున చివరగా మూడెకరాలు, అందులో ఎండిపోయిన రెండు బోర్లు. ఒక్క కూతురు, మడకశిరకు ఇచ్చి పెళ్లి చేశారు. ఊళ్లో సగం ఇళ్లకు అప్పటికే తాళాలు పడి, జనం బెంగుళూరు చేరిపోయారు, అపార్టుమెంట్లకు కాపలాకో కట్టడాల దగ్గర ఇటుకలు మోయడానికో. వీళ్లూ పోవలసినవాళ్లే. ఆమె నా ముందే మొగుడికి తేల్చి చెప్పింది.

"ఒక్క యేడు ఇస్తా. ఉగాది కాడినుంచి ఉగాది దాకా. ఆ యేడు కూలికి నేను పోతా, నువ్వు సదువుకో. యేడు అయినాక గొర్రెలమ్మి ఒక్క బోరు ఏపిస్తాం, నువ్వు చెప్పిన తావున. నీళ్లు పడితే ఈడ ఉంటాం. పడకపోతే బెంగుళూరు. ఆ మీద నువ్వు నోరెత్తకూడదు."

"సరే" అన్నాడు.

నా వైపు తిరిగి, "మీరు సాచ్చి సార్" అంది. ఎంత తేలిగ్గా తలూపానో.

ఉగాది మరునాడు పొద్దున్నే ఆమె కొడవలి, సంగటి ముద్ద కట్టిన మూట తీసుకుని పడమటి చేలకు కూలికి పోయింది. అతను తలకు పోసుకుని, తెల్లచొక్కా వేసుకుని, జేబుకు పెన్ను పెట్టుకుని, "కాలేజీకి పోయొస్తా" అని సైకిలెక్కి తూర్పుకు పోయాడు. ఆ మాట ఎవరో విన్నారు. పది గంటలకల్లా హోటల్లో పేరు ఖాయమైపోయింది.

"ఏమప్పా కాలేజీ, ఎన్నో ఇయరు?" అని అడిగేవాళ్లు.

"ఫస్టియరే అన్నా. నాకుండేది ఒకటే ఇయరు" అనేవాడు, నొచ్చుకోకుండా.

ఆ చదువుకు నియమాలన్నీ తానే పెట్టుకున్నాడు. ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో ఒళ్లు బాగాలేక పోలేకపోతే శనివారం నా దగ్గరికి వచ్చినప్పుడు లీవు లెటర్‌లాగా ఒక కాగితం ఇచ్చేవాడు. మోటారు కాలిందని ఎవరొచ్చినా, "ఈ యేడు నేను స్టూడెంటునన్నా" అని చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఒక రైతు టమోటా పూత మీద ఉండగా మోటారు కాలి, అతని కాళ్లావేళ్లా పడ్డాడు. అయినా రానన్నాడు. "నీ సదువు మన్నుగాను" అని తిట్టి పోయాడు ఆ రైతు. అతను వెంటనే కుందుర్పికి సైకిలు తొక్కుకుంటూ పోయి వేరే మనిషిని పిలుచుకొచ్చి, దూరంగా గట్టు మీద నిలబడి పని అయ్యేదాకా చూశాడు. చొక్కా మీద గ్రీజు పడితే మళ్లీ పనిలోకి దిగిపోతానని భయమట. అది నాతో చెప్తూ కళ్లు తుడుచుకున్నాడు.

గ్లాసు సంగతి చెప్పాలి. ఎవరి పెళ్లిలోనో పంచిన చిన్న స్టీలు గ్లాసు. అడుగున బెజ్జం వేసి, దారం దూర్చి ముడివేసి, బెజ్జాన్ని మైనంతో మూశాడు. పొద్దున్నే, కరెంటు ఇవ్వకముందే, ఎవరి మోటారూ ఆడకముందే, బోరు మూత పక్కకు జరిపి ఆ సందులోంచి గ్లాసును బోర్లా వదిలేవాడు. దారానికి ఒక్కో పైపు పొడవుకు ఒక్కో ముడి, మధ్యలో అడుగడుగుకూ పెన్ను గీత. గ్లాసు దిగుతూ దిగుతూ నీళ్లను తాకగానే టుబుక్కుమంటుంది. ఆ చప్పుడు కోసం అతను బోరు మీదికి వంగి చెవి పెట్టి, రెండో చేయి పైకెత్తేవాడు. ఆ చేయి లేస్తే ఎవరూ మాట్లాడకూడదు. ఒకసారి నన్ను కూడా తీసుకుపోయాడు. నేనేదో చెప్పబోతే చేయి లేచింది. మాష్టారిని నోరు మూయించిన విద్యార్థి అతనొక్కడే.

"పలికినాది సార్" అన్నాడు తల ఎత్తి. నలభై అయిదేళ్ల మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

నలభై ఒక్క బోర్లు. నెలకు రెండుసార్లు ప్రతి బోరూ. అంతా లాంగు నోటుబుక్కులో. శనివారం సాయంత్రం తెచ్చి నా ముందు పెట్టి, నేను చూస్తున్నంతసేపూ నిలబడే ఉండేవాడు. భాగహారం నేర్పాను, సగటు నేర్పాను, గ్రాఫు గీయడం నేర్పాను. తప్పు చేస్తే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి, ఒప్పయితే టిక్కు పెట్టేవాణ్ణి. టిక్కులంటే అతనికి పిల్లల కంటే ఎక్కువ ఆశ. ఆ రోజుల్లోనే ఒకసారి నవ్వుతూ అన్నాడు: "కాలేజీకి పోయేటప్పుడు కాళ్లు లాగుతాయి సార్. ఇంటికి వచ్చేటప్పుడు సైకిలు దానంతట అదే వస్తాది."

"అన్ని కాలేజీలూ అంతేలేప్పా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఏడు వాన రాలేదు. రెండు పదును వానలు పడి, విత్తనం వేయించి, ముఖం చాటేసింది. చెనిక్కాయ చెట్టు జానెడు కూడా లేవలేదు. కూలి పనులు తగ్గిపోయి, ఆమె కుందుర్పి అవతలి దాకా ఆటోలో కూలికి పోవలసి వచ్చేది. తిరిగొచ్చేసరికి పొద్దు గుంకేది. అతను అప్పటికి సంగటి కెలికి ఉంచేవాడట. ఆమె తింటూ ఉంటే ఆ రోజు ఏ బోరులో ఎంత దిగిందో చెప్పేవాడట. అలిసిపోయిన మనిషి కూర్చున్నచోటే కునుకు తీసినా, చెప్పడం ఆపేవాడు కాదట. నెలనెలా నోటుబుక్కులో అంకెలు పెద్దవవుతూ పోయాయి. ఉగాది దగ్గర పడేకొద్దీ అతని బుగ్గలు లోపలికి పోయాయి.

మాఘం చివర్లో ఒక శనివారం పరుగులాంటి నడకతో వచ్చాడు.

"దొరికినాది సార్. చూడండి, ఊరికాడి బోర్లలో నీళ్లు పదైదు పైపుల్లో ఉండాయి. తూర్పుకు పోయేకొద్దీ లోతు. నా చేని పక్క బోర్లలో పదహారు దాటినాయి. అంటే కింద నీళ్లు తూర్పుకు వంగినాయి. నీళ్లు వాలుకే గదా పోతాయి? అన్నీ నా చేని తట్టుకే జారుతాండాయి. నా పాత బోర్లు రెండూ పడమటి గట్టున ఏపిచ్చింటి. తూర్పు మూల్లో ఏపిచ్చల్ల."

లెక్కలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూశాను. రెండు గంటలు పట్టింది. కూడికలు సరి, సగటులు సరి, గ్రాఫు సరి. పేజీ పేజీకీ టిక్కు పెట్టుకుంటూ పోయాను.

"మార్కులెయ్యండి సార్" అన్నాడు.

నూటికి తొంభై ఎనిమిది వేశాను. చేతిరాత బాగాలేదని రెండు మార్కులు కోశాను. కింద 'చాలా బాగుంది' అని రాసి సంతకం పెట్టాను. ఆ పేజీ తీసి భార్యకు చూపించి, "సార్ తొంభై ఎనిమిది ఏసినాడు" అన్నాడట. ఆమె మరునాడే గొర్రెల సంతకు కబురు పంపింది.

బోరు వేసే రిగ్గు వచ్చింది ఉగాదికి తొమ్మిది రోజుల ముందు. నేను గొడుగు వేసుకుని వెళ్లాను, సాక్షిని కదా. పొద్దున మొదలుపెట్టారు. అతను తెల్లచొక్కాతో బోరు పక్కనే నిలబడ్డాడు. మొదట ఎర్రమన్ను వచ్చింది, తర్వాత సుద్ద, తర్వాత రాతిపొడి. పదహారు పైపుల లోతు దాటింది. అక్కడ తడి తగలాలి. పొడే వచ్చింది. పద్దెనిమిది. ఇరవై. తెల్లటి పొడి పైకి చిమ్మి అందరి తలల మీదా పడింది. అతను దోసిట పట్టి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. చెమ్మ లేదు.

"ఇంగొక రాడ్డు" అన్నాడు.

వేశారు.

"ఇంగొక్కటి."

మధ్యాహ్నం మూడింటికి రిగ్గు మేస్త్రీ మిషను తగ్గించి నా వైపు చూశాడు, నేనేదో పెద్దమనిషినన్నట్టు. నేను నేల చూపులు చూశాను. చివరికి భార్యే పోయి మొగుడి చేయి పట్టుకుంది. "చాలు" అంది.  ఆమె జుట్టు, కనుబొమ్మలు, అన్నీ తెల్లగా ఉన్నాయి.

మనిషి అలా నిలబడి ఉంటే ఏదో ఒకటి అనాలి కదా అని, "లెక్క సరిగ్గానే ఉందప్పా. మన అదృష్టం బాగాలేదు" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. "లెక్క సరిగ్గా ఉంటే నీళ్లు యాడికి పోయినాయి సార్?"

గొడుగు తెరుచుకుని వచ్చేశాను.

ఉగాది పోయింది. వాళ్లు వెంటనే కదల్లేదు, ఇల్లు సర్దుకోవడానికి, బెంగుళూర్లో చోటు చూసుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఆ రోజుల్లో హైస్కూలు ప్రహరీ కడుతున్నారు. మేస్త్రీలు మట్టం చూడటానికి నీళ్లు నింపిన ప్లాస్టిక్ ట్యూబు పట్టుకుంటారే, ఇద్దరు చెరో కొసన నిలబడి? ట్యూబు రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి. అతను ఆ పని ముందు మధ్యాహ్నమంతా నిలబడి చూస్తూ ఉండటం నేను గమనించాను. పాపం, మతి చలించిందనుకున్నాను. వారం తిరక్కుండా అలాంటి ట్యూబే సంపాదించి, తానొక కొస, భార్య ఒక కొస పట్టుకుని, ఊరి నుంచి తూర్పుకు బోరు బోరుకూ జరుపుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. కూలి మానుకుని ఆమె కూడా. గట్టు మీద పోతూ నేను కేకేశాను.

"ఏమప్పా, ఇంకా కాలేజీ అయిపోలేదా?"

అతను నన్ను చూశాడు, చేతిలో ట్యూబును చూశాడు. తల దించుకుని చేను అవతలికి పోయాడు. అప్పటి నుంచే నన్ను తప్పించుకు తిరగడం. బోరు ఎండింది నావల్లే అనుకుంటున్నాడు, ఉడుకుమోతుతనం, అని తేల్చేశాను. నాకూ కోపమొచ్చింది. ఏడాది పాటు ఊరికే పాఠం చెప్పినవాణ్ణి కదా.

తర్వాత హోటలు సంగతి. దాన్ని రాయడానికి చేయి రావడం లేదు, అయినా రాయాలి.

ఒక పొద్దున పదిమందిమి టీ తాగుతున్నాం. అతను వచ్చాడు, అదే తెల్లచొక్కా, నోటుబుక్కు. నిలబడే మొదలుపెట్టాడు.

"అన్నా, అందరూ ఒక్క మాట వినండి. మన ఊరి నీళ్లు యాడికీ పోతాండ్లే. నలభై ఒక్క బోర్లలో నీళ్లూ ఒకటే మట్టంలో ఉండాయి. ఎవరి చేని కింద వాళ్ల నీళ్లు లేవు. అందరి కిందా ఉండేది ఒకటే నీళ్లు. ఒకరు తోడితే అందరికీ దిగుతాది. ఇంగ కొత్త బోరు ఎవ్వరూ ఏపిచ్చద్దండి. ఏపిస్తే నీళ్లు పెరగవు, లోతు పెరుగుతాది. ఉండే బోర్లను వంతులేసుకోని పంచుకుంటే ఇంగా కొన్నేండ్లు ఉంటాయి."

 ఆ టమోటా రైతు అన్నాడు: "నీ బోరు ఎండె. మావి గూడా ఎండల్లని చూస్తాండావా?"

నవ్వులు. హోటలాయన నా వైపు తిరిగాడు. "ఏం సార్, ఆయప్పకు మాష్టరు మీరే గదా. ఈ మాట నిజమేనా?"

అందరూ నన్ను చూశారు. అతనూ చూశాడు. చేతిలో నోటుబుక్కు ఉంది. ఇలా తే, చూస్తాను, అంటే సరిపోయేది. అది కూడా అనలేదు.

"నాకు తెలియదప్పా" అన్నాను. "నా దగ్గరికి తెచ్చినప్పుడు లెక్క వేరేగా ఉండె. నీళ్లు తూర్పుకు పోతున్నాయని తనే చెప్పినాడు. ఇప్పుడు ఇదంటున్నాడు."

మళ్లీ నవ్వులు. అతను నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు, నేను చూశాను. పెదవులు కదిలి ఆగిపోయాయి. నోటుబుక్కు చంకలో పెట్టుకుని, సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ పోయాడు. పది రోజులకు మొగుడూ పెళ్లాం బెంగుళూరు బస్సెక్కారు. నేను పోయి కనిపించలేదు.

చావు కబురు విన్న వారానికి ఆమె వచ్చింది. ఇప్పుడు మడకశిరలో కూతురి దగ్గర ఉంటోందట. పొద్దున బస్సుకు వచ్చి, మధ్యాహ్నం బస్సుకు పోవాలంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన లాంగు నోటుబుక్కు నా ముందు పెట్టింది.

"నాకిమ్మన్నాడా అమ్మా?"

"లేదు సార్. పారేయమన్నాడు. నాకు మనసొప్పలే. ఆడ గూడా ఆ గ్లాసు ఇడిసిపెట్టలే సార్. అపార్టుమెంటు బోర్లో దించి చూసేది, రాసుకునేది. వాచ్‌మన్‌కు ఇదేం పనని వాళ్లు తిట్టినా ఇనలే." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు సదువు రాదు. ఒక యేడు నేను ఇచ్చింటి. ఆ యేడు ఆయప్ప సదివింది నిజమా అబద్దమా, మీరు చూసి చెప్పండి."

తెరిచాను. నా ఎర్ర టిక్కులన్నీ దాటి, తొంభై ఎనిమిది మార్కుల పేజీ దాటి పోతే, పట్టిక మళ్లీ మొదలైంది. అవే నలభై ఒక్క బోర్లు. అదనంగా ఒక్క గడి. దాని పైన వంకర అక్షరాలతో 'మూతి ఎత్తు' అని రాసి ఉంది.

నిమిషం పట్టలేదు నాకు అర్థం కావడానికి. మోటార్ల వాళ్లు లోతును బోరు మూతి దగ్గర్నుంచి లెక్కపెడతారు. కానీ మూతులన్నీ ఒకే ఎత్తులో లేవు. కంటికి చదునుగా కనిపించే మా నేల తూర్పుకు పోయేకొద్దీ కొంచెం కొంచెంగా లేస్తుంది. తూర్పున నీళ్లు లోతుకు పోలేదు, తూర్పున నేలే ఎత్తు. రోజూ సైకిలు తొక్కేటప్పుడు అతని కాళ్లు ఆ సంగతి చెబుతూనే ఉన్నాయి. అతను వచ్చి నాతో చెప్పాడు కూడా. లెక్కల మాష్టర్ని, నేను నవ్వాను. ఎక్కడి నుంచి కొలిచావప్పా అని ఒక్క ప్రశ్న వేయలేదు. చేతిరాతకు రెండు మార్కులు కోశానే గానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

మూతి ఎత్తు కలిపి చూస్తే చివరి గడిలో అంకెలన్నీ దాదాపు ఒకటే. నీళ్లు ఆ మూలకు జారడమే లేదు, రిగ్గు దిగినచోట కింద ఉన్నది పగుళ్లు లేని వట్టి రాయి. హోటల్లో అతను చెప్పినదంతా నిజం.

"నిజమేనమ్మా" అన్నాను. "చివర్లో రాసిందంతా నిజం. మొదట్లో ఒక తప్పు..."

"ఆ తప్పు నాకు తెలుసు సార్. ట్యూబు ఇంగో కొస పట్టుకునింది నేనే గదా. ప్రతి తూరీ తూర్పు తట్టు నిలబడినోళ్లకు నీళ్లు మోకాటికాడ, పడమట నిలబడినోళ్లకు రొమ్ముకాడ. నాలుగో బోరుకాడ ఆయప్ప కూలబడిపోయి ఏడ్చినాడు." ఆమె ముందుకు వంగి, పేజీలు వెనక్కి తిప్పి, నా మార్కుల పేజీ దగ్గర ఆగింది. నా సంతకం కింద నీలం సిరాతో ఒక్క వరస. "ఆ పొద్దే ఇంటికొచ్చి ఇది రాసినాడు. ఏమని అడిగితే చెప్పలే. ఏముంది సార్ ఈడ?"

చదివాను. ముందు లోపల చదివాను.  ఆమె అలాగే చూస్తూ కూర్చుంది.

"'ఈ తప్పు సార్‌కు చెప్పకూడదు. తట్టుకోలేడు.'"

 నేను తల దించుకుని కూర్చున్నాను. హోటల్లో పెదవులు కదిలి ఆగిపోయిన ముఖం నా కళ్ల ముందుంది. ఆ రోజు అతను ఒక్క మాట అని ఉంటే, మొదటి లెక్క తప్పు, అది సార్‌కు కూడా తెలియలేదు, అని ఉంటే, నేను నోటుబుక్కు చూడక తప్పేది కాదు. చూస్తే ఒప్పుకోక తప్పేది కాదు. నేను ఒప్పుకుంటే ఊరు వినేదేమో. అతని ఏడాది, ఆమె ఏడాది, ఊరి నీళ్లు, అన్నీ నా పరువు కోసం మింగేసి పోయాడు.

"మీతో కొట్లాడినాడేమో అనుకుంటాంటి సార్ నేను" అంది ఆమె చివరికి. తర్వాత, నిందగా కాదు, మనిషి ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టే అడిగింది: "తట్టుకుంటిరా సార్?"

నేను నోటుబుక్కు మూశాను. ఆమె కాసేపు కూర్చుని, బస్సు టైమయిందని పోయింది. నోటుబుక్కు వదిలేసి పోయింది.

హోటలుకు పోయి అందరి ముందూ చెప్పాలనుకున్నాను. నాలుగు రోజులైంది, పోలేదు. ఇవాళ పొద్దున ఈ కాగితాలు ముందు పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. రిగ్గు లారీ ఒకటి మా గేటు ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, కొత్త బోరు పాయింటుందంట, ఫలానా టమోటా తోట యాడ సార్, అని అడిగాడు. చేతిలో పెన్ను ఉంది, పక్కన నోటుబుక్కు ఉంది. అలవాటుగా నా చేయి లేచి తూర్పుకు చూపించింది. లారీ పోయింది.

లేచి, దాని దుమ్ము అణిగేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత నోటుబుక్కు చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఆ వెనకాలే నడిచాను. తూర్పుకు పోతుంటే కాళ్లు లాగాయి. సగం దూరం పోకముందే రిగ్గు మొదలైంది.